పుష్పకాన్ని తిరిగి పంపిన ప్రభువు: విలాస వాహనాలపై ఒక వివేచన



ఆత్మవిచారణ జరగవలసిన చోట మోటారు వాహనాల ప్రస్తావన ఏల అని కొందరికి అనిపించవచ్చు. కానీ మన శాస్త్రాలకు వాహనం పరాయి విషయం కాదు. కఠోపనిషత్తు ఈ దేహాన్నే రథమన్నది. ఆత్మను రథికునిగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, విషయాలను ఆ గుర్రాలు పరుగెత్తే దారులుగా నిరూపించింది. గీతోపదేశం జరిగినది ఆశ్రమంలో కాదు, రెండు సేనల నడుమ నిలిపిన రథం మీద. ఉత్సవ వేళ దేవతామూర్తులకు సైతం వాహనసేవ ఉన్నది. కనుక మనిషి ఎట్టి వాహనాన్ని కోరుతున్నాడు, ఎందుకు కోరుతున్నాడు, దానిని అధిరోహించిన తరువాత ఏమవుతున్నాడు అన్న ప్రశ్న తత్త్వవిచారణకు వెలుపలిది కాదు.

గత విజయదశమి నాడు ఈ ప్రశ్న మా ఇంటి ముంగిట వచ్చి నిలిచింది. మా అక్కయ్య కుమారుడు హైదరాబాదు నుండి తల్లాడకు కొత్త వాహనంతో వచ్చాడు. విదేశీ సంస్థ నిర్మించిన, మహావేగం గల విలాస ఎస్‌యూవీ అది. "మామయ్యా, వాహన పూజ మీ చేతులమీదుగానే జరగాలి" అన్నాడు. ఆంజనేయస్వామి గుడి ముందు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాము. జమ్మి ఆకు చేతిలో పెట్టి నమస్కరించాడు. అనంతరం భద్రాద్రి రాముని దర్శనానికి ఆ వాహనంలోనే బయలుదేరాము.

మొదట నా దోషాన్ని ఒప్పుకుంటాను. ఆ ప్రయాణం నాకు నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, ఏన్కూరు దాటేసరికి నేను చేయదలచిన నామజపం మరచిపోయాను. ఆసనం శరీరాన్ని తల్లి ఒడిలా పట్టుకున్నది. గుంతల మీద చక్రాలు పడుతున్నట్లు కంటికి కనబడుతున్నా వెన్నుకు తెలియలేదు. మేనల్లుడు పాదాన్ని కొంచెం అదిమితే చాలు, వెనుకనుండి ఎవరో రెండు చేతులతో నెట్టినట్లు వాహనం ముందుకు దూకింది. ఎత్తైన ఆసనం నుండి చూస్తే ఎదుటి కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు అన్నీ కిందుగా కనబడినవి. ఆ చూపులో ఒక ఆనందం ఉన్నది. దానిని ఆనందమని కాక అహంకారమని గుర్తించడానికి నాకు పాల్వంచ వరకు పట్టింది. జీవితకాలం వేదాంత శ్రవణం చేసినవాని స్థితి ఇది. కాబట్టి ఈ వాహనాలను కోరే యువకులను నిందించే అధికారం నాకు లేదు. ఆకర్షణ యథార్థమైనదని అంగీకరించి, అటుపిమ్మట దాని మూలాన్ని విచారించడమే ఈ వ్యాస ప్రయోజనం.

ఈ జాతి వాహనాల చరిత్ర విచిత్రమైనది. బురదలో, కొండలలో, పొలాలలో తిరగడానికి జీపు వంటి వాహనాలు పుట్టినవి. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ ఆ కఠిన వాహనానికి కొంత సుఖాన్ని జోడించింది. 1979లో వెలువడిన మెర్సిడెస్ జీ-వాగన్‌ది సైనికావసరాలతో ముడిపడిన పుట్టుక. 2002లో పందెపు కార్లకు ప్రసిద్ధమైన పోర్షే సంస్థ కయెన్ అనే ఎస్‌యూవీని తెచ్చింది. 2017 డిసెంబరులో లంబోర్ఘిని సంస్థ ఉరుస్‌ను ఆవిష్కరించింది. దాని ఇంజను సామర్థ్యం నాలుగు లీటర్లు, శక్తి 650 అశ్వశక్తి, బరువు సుమారు 2,200 కిలోలు. నిశ్చల స్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 3.6 సెకన్లలో అందుకుంటుంది. గరిష్ఠ వేగం 305 కిలోమీటర్లు. మరుసటి ఏడాది జనవరిలో మన దేశంలో దాని ధర మూడు కోట్ల రూపాయలుగా ప్రకటింపబడింది. ఈ విధంగా బరువు మోయడానికి పుట్టిన ఎద్దుకు పందెపు గుర్రపు కాళ్లు అమర్చి, దాని వీపున రాజమందిరాన్ని నిర్మించినట్లయినది.

ఇక్కడ సాధకుడు ఒక్క క్షణం ఆగవలసిన చోటు ఉన్నది. ఉపనిషత్తు చెప్పిన రథానికి జ్ఞానేంద్రియ కర్మేంద్రియాలు కలిపితే పది గుర్రాలు. ఆ పదింటిని అదుపు చేయడానికే ఋషులు అరణ్యాలకు వెళ్లారు, గురువులను ఆశ్రయించారు, ఏండ్ల తరబడి తపస్సు చేశారు. ఆ పదీ వశం కాని మనం మరో 650 గుర్రాలను పాదం కింద కట్టుకుంటున్నాము. రథం బలపడింది, గుర్రాలు బలపడినవి. సారథి మాత్రం నిన్నటివాడే.

ఆ విషయం మాకు జూలూరుపాడు దారిలో ప్రత్యక్షమయింది. అది పత్తి ఏరే కాలం. కూలీ స్త్రీలతో కిక్కిరిసిన ఒక ఆటో మా ముందు వెళ్తున్నది. వెనుక అంచున ముగ్గురు కాళ్లు బయటకు వేలాడవేసుకుని కూర్చున్నారు. మేనల్లుడు దానిని దాటాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక శ్వాస తీసుకున్నంత. ఎదురుగా ఎవరూ లేరు, ఎవరికీ దెబ్బ తగలలేదు. లోపల శబ్దమైనా వినబడలేదు. నేను వెనుదిరిగి చూశాను. ఆటో దారి దిగి మట్టిలో ఆగి ఉన్నది. అంచున కూర్చున్నవారిలో ఒకామె కిందికి దిగి నిలబడి, చేయి గుండె మీద పెట్టుకుని ఉన్నది. దుమ్ము ఆమెను కప్పివేసింది.

"ఎంత వేగంతో వెళ్లావు నాయనా?" అని అడిగాను.

మేనల్లుడు ఎదుటి తెరను చూసి, "నూట ఇరవై దాటినట్టుంది మామయ్యా. అసలు తెలియనే తెలియదు" అన్నాడు.

"తెలియనే తెలియదు" అన్న ఆ మాట ప్రశంసగా పలికాడు. నిజమే, ఆ వాహనం గొప్పదనం అదే. మందమైన అద్దాలు శబ్దాన్ని ఆపుతాయి. గాలితో నిండిన సస్పెన్షన్ కుదుపును మింగుతుంది. కొన్ని వాహనాలలో బయటి శబ్దాన్ని ఆపివేసి, ఇంజను గర్జనను మాత్రం స్పీకర్ల ద్వారా కృత్రిమంగా వినిపిస్తారు. ఉన్న శబ్దం వినబడదు, లేని శబ్దం వినబడుతుంది. మాయకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నేను వెతికి తేలేను.

పాత అంబాసిడర్ కారు ఎనభై కిలోమీటర్ల వేగానికి చేరితే తలుపులు, అద్దాలు, స్టీరింగు అన్నీ వణికేవి. ఆ వణుకు ఒక హెచ్చరిక. దేహానికి నొప్పి ఎటువంటిదో, వాహనానికి ఆ వణుకు అటువంటిది. విలాస వాహనం ఆ నొప్పిని తొలగించింది గాని రోగాన్ని తొలగించలేదు. వేగం ఎక్కడికీ పోలేదు. లోపలివానికి తెలియకుండా పోయి, బయటివానికి మాత్రమే తెలిసేదిగా మారింది. గుండె మీద చేయి పెట్టుకున్న ఆ తల్లికి మా వేగం పూర్తిగా తెలిసింది.

కొందరు మిత్రులు ఆ వాహనంలోని నిశ్శబ్దాన్ని ధ్యానమందిరంతో పోల్చడం విన్నాను. ఈ పోలికను జాగ్రత్తగా పరిశీలించాలి. యోగశాస్త్రం చెప్పే ప్రత్యాహారంలో ఇంద్రియాలు విషయాల నుండి వెనుకకు మరలుతాయి, హృదయం మాత్రం సర్వభూతాల పట్ల తెరుచుకుంటుంది. ఈ వాహనంలో జరిగేది దానికి విపర్యయం. చర్మానికి చల్లదనం, చెవికి సంగీతం, కంటికి తెర, ముక్కుకు పరిమళం అన్నీ నిండుగా అందుతాయి. దూరమయ్యేది పరుల భయం, పరుల దుమ్ము, పరుల చెమట. ఇంద్రియాలు తృప్తిగా ఉండి కరుణ ఒక్కటే అంతర్ముఖమైతే అది యోగం కాదు, నిద్ర.

ఇప్పుడు లౌకిక గణన కొంత చూద్దాము. ధర్మవిచారణకు అంకెలు శత్రువులు కావు. కదిలే వస్తువు మోసే శక్తి దాని బరువుతో పాటు పెరుగుతుంది, వేగంతోనైతే వర్గరీతిగా పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే ఢీకొనే శక్తి నాలుగింతలు. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరమూ సుమారు నాలుగింతలే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగిపోతాము. గేదె అడ్డు వచ్చిందని కన్ను చూసి, బుద్ధి గ్రహించి, పాదం కదిలేసరికే ఆ 28 మీటర్లు గడిచిపోతాయి. ఉత్తమమైన బ్రేకులున్నా ఆ ఒక్క సెకను మానవునిదే. దానిని ఏ సంస్థా తగ్గించి అమ్మలేదు.

కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించారు. ఆ మరణాలలో 71 శాతానికి పైగా అతివేగం వల్లనే సంభవించినవి. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు, 19 మందికి పైగా పాదచారులు. అంటే చనిపోయినవారిలో అధికులు ఉక్కు గోడల నడుమ కూర్చున్నవారు కారు. 2018లో కేంద్రం నిర్ణయించిన పరిమితుల ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్ వేలపై 120, నడుమ విభాజకం గల నాలుగు వరుసల రహదారులపై 100, ఇతర రహదారులపై 70 కిలోమీటర్లు గరిష్ఠ వేగం. మా తల్లాడ నుండి కొత్తగూడెం పోయే దారి ఆ చివరి కోవలోనిదే. మూడు వందల కిలోమీటర్ల వేగానికి మూల్యం చెల్లించి డెబ్బై పరిమితి గల దారిలో తిరిగేవాడు, తాను కొన్న దానిలో అధికభాగాన్ని ధర్మబద్ధంగా వినియోగించనే లేడు. వినియోగించాలంటే అధర్మం చేయక తప్పదు.

"పెద్ద వాహనమైతే కుటుంబానికి రక్షణ కదా?" అని గృహస్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బరువైన, దృఢమైన వాహనం లోపలివారిని కాపాడుతుందన్నది సత్యమే. కానీ ఆ రక్షణకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? అమెరికాలో బీమా సంస్థల ఆధ్వర్యంలో నడిచే రహదారి భద్రతా సంస్థ 2023లో ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. ముందుభాగం 40 అంగుళాలకు మించి ఎత్తున్న వాహనం ఢీకొన్నపుడు పాదచారి మరణించే అవకాశం, 30 అంగుళాల లోపు ఎత్తుండి వాలుగా ఉన్న ముందుభాగం గల కారుతో పోల్చితే సుమారు 45 శాతం అధికమని అందులో తేలింది. కారణం సులభంగా గ్రహించవచ్చు. తక్కువ ఎత్తున్న కారు కాళ్లను తాకుతుంది. ఎత్తైన వాహనం పెద్దవారి ఛాతీని, చిన్నపిల్లల తలను తాకుతుంది. ఒకరి రక్షణ మరొకరి ప్రమాదంగా మారినపుడు దానికి రక్షణ అని పేరు పెట్టవచ్చునా, లేక ప్రమాదాన్ని చేతులు మార్చడమని పిలవాలా అన్నది విజ్ఞులు ఆలోచించాలి.

"అడవి దారులకు ఇట్టి వాహనమే కావాలి" అన్నది మరొక వాదం. మా ప్రాంతంలో ఈ వాదానికి సమాధానం అడవియే ఇస్తుంది. ఏజెన్సీ గ్రామాలలో రోగిని, గర్భిణిని, బియ్యపు బస్తాలను మోసేది పాత జీపు, బొలెరో, ట్రాక్టరు. వాటి టైర్లు మందంగా ఉంటాయి. రాయి తగిలినా సాగిపోతాయి, చెడితే పక్క ఊరి మెకానిక్కు బాగు చేస్తాడు. విలాస వాహనపు వెడల్పు చక్రానికి పలుచని టైరు ఉంటుంది. పదునైన గుంత తగిలితే టైరుతో పాటు చక్రమూ చెడవచ్చు. అడవి కోసం పుట్టిన వంశంలో అడవికి పనికిరాని వారసుడు ఇతడు.

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. ఆ రెండు ఒడ్డుల మీద ఆరువందల అశ్వశక్తి గల వాహనానికి, తొక్కుడు సైకిలుకు అణుమాత్రం భేదం లేకపోయింది. శక్తి అన్నది మనలో ఉన్నదని భ్రమిస్తాము. అది దారి ఇచ్చినంతవరకే.

ఇక ధనవిషయం. అర్థం కూడా పురుషార్థమే. ధర్మార్జితమైన సంపదతో సుఖపడడం పాపమని మన పెద్దలు ఎన్నడూ చెప్పలేదు. శ్రమించి సంపాదించినవాడు మంచి కారు కొంటే అసూయపడడం వైరాగ్యం కాదు, అది కూడా ఒక రాగమే. అయితే నా మేనల్లుని వాహనం వెనుక ఉన్న కథ వేరు. తల్లాడ మీదుగా ఖమ్మం నుండి దేవరపల్లి దిశగా కొత్త జాతీయ రహదారి పనులు మొదలయిన నాటి నుండి మా చుట్టుపక్కల భూముల ధరలు పెరిగినవి. మా బావగారు వదిలివెళ్లిన సాగర్ కాలువ కింది రెండెకరాలను అతడు అమ్మాడు. ఆ సొమ్ముకు బ్యాంకు అప్పు చేర్చి వాహనం కొన్నాడు. ఆ పొలాన్ని ఏండ్లుగా ఒక కౌలు రైతు చేస్తుండేవాడు. మిరప వేసేవాడు, పంట ఇంటికి చేరగానే మొదటి సంచి మా అక్కయ్యకు తెచ్చి ఇచ్చేవాడు. భూమి చేతులు మారిన తరువాత ఆ ఇంటివారు కూలికి వెళ్తున్నారు.

జూలూరుపాడు దారిలో మేము దాటిన ఆటోలో వారు ఉన్నారో లేరో నేను చెప్పలేను. మా అద్దాలలో నుండి ముఖాలు గుర్తుపట్టలేదు. కానీ ఆ ప్రశ్న అప్పటి నుండి నన్ను వదలలేదు. ఒక వాహనానికి మూల్యం చెల్లించినవారందరూ అందులో ఎక్కినవారు కారు. భూమి కోల్పోయినవాడు కొంత చెల్లించాడు. దారి దిగి మట్టిలో ఆగినవారు కొంత చెల్లించారు. వంద కిలోమీటర్లకు పన్నెండు లీటర్లకు మించి ఇంధనం తాగే ఇంజను వదలిన పొగను పీల్చేవారు, ఇంకా పుట్టనివారితో సహా, కొంత చెల్లిస్తారు.

అక్కయ్య విషయం కూడా చెప్పాలి. ఆ రోజు ఆవిడను ముందు ఆసనంలో కూర్చోబెట్టాలని కుమారుడు ముచ్చటపడ్డాడు. కాలుపెట్టే మెట్టు ఎత్తుగా ఉన్నది, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో నుండి పీట తెచ్చి వేశాము. ఇద్దరం చెరొక చేయి పట్టుకున్నాము. ఎక్కలేకపోయింది. "వద్దురా నాయనా, ఎక్కేటప్పుడు భయం, దిగేటప్పుడు భయం. మీరు వెళ్లి రండి. నేను రేపు బస్సులో పోతాను" అన్నది. నిజంగానే మరునాడు తల్లాడ కూడలిలో బస్సెక్కి వెళ్లి రాముని దర్శించుకుని వచ్చింది. మేము తెచ్చిన ప్రసాదం, ఆవిడ తెచ్చిన ప్రసాదం ఒకే గిన్నెలో కలిపి తిన్నాము. రుచిలో తేడా లేదు.

భద్రాచలానికి ఎగువన ఉన్న పర్ణశాలకు వెళ్లినవారికి అక్కడి స్థానికులు ఒక గుట్టను చూపి, సీతాపహరణ వేళ రావణుని రథం నిలిచిన చోటు అదేనని చెబుతారు. ఆ గుట్టను తలచుకున్నప్పుడల్లా నాకు రామాయణంలోని వాహనాలన్నీ ఒక వరుసలో కనబడతాయి. రావణుడు తన అన్న కుబేరుని వద్ద నుండి పుష్పకాన్ని బలాత్కారంగా గ్రహించాడు. విశ్వకర్మ నిర్మించిన ఆ విమానం కంటె గొప్ప విలాస వాహనం ఇతిహాసంలో లేదు. అది మనోవేగం గలది, రత్నఖచితమైనది. అట్టి విమానం ఇంట ఉన్నవాడు దేనినీ విడువలేక నశించాడు.

శ్రీరాముడు పద్నాలుగేండ్లు నడిచాడు. రావణునితో యుద్ధవేళ ఆయన నేల మీద, శత్రువు రథం మీద ఉండగా ఇంద్రుడు తన రథాన్ని మాతలితో పంపాడు. రాముడు "నాకు రథం వద్దు" అనలేదు. ప్రదక్షిణం చేసి ఎక్కాడు, పని ముగించాడు, మాతలికి అనుజ్ఞ ఇచ్చి రథాన్ని స్వర్గానికి తిరిగి పంపాడు. విభీషణుడు పుష్పకాన్ని తెచ్చి నిలిపినపుడూ నిరాకరించలేదు. గడువు దాటితే భరతుడు ప్రాణాలు విడుస్తాడు. కాలినడకన చేరలేడు. అందుచేత ఎక్కాడు. ఒంటరిగా ఎక్కలేదు. సుగ్రీవునితో, వానరులతో, విభీషణునితో, అతని అమాత్యులతో కలిసి ఎక్కాడు. కిష్కింధ మీదుగా పోతుండగా తారను, తక్కిన వానర స్త్రీలను కూడా తీసుకుపోదామని సీతమ్మ కోరగా విమానం ఆపి వారినీ ఎక్కించుకున్నాడు. నందిగ్రామంలో దిగిన వెంటనే దానిని కుబేరుని వద్దకు పంపివేశాడు. అయోధ్యకు కాబోయే చక్రవర్తి దానిని ఉంచుకుంటే కాదనేవారెవరు? అయినను ఉంచుకోలేదు.

నా దృష్టిలో విలాస వాహనాల విషయమై సాధకునికి కావలసిన ధర్మశాస్త్రమంతా ఈ ఘట్టంలో ఉన్నది. వాహనం నిషిద్ధం కాదు. మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. మొదటిది, దీని అవసరం ఏమిటి? భరతుని ప్రాణం వంటి అవసరమా, ఇరుగుపొరుగు చూపుల అవసరమా? రెండవది, దీనిలో ఎవరికి చోటున్నది? దారిలో నిలబడినవారి కోసం ఆగగలిగే వాహనమా, వారిని దుమ్ములో ముంచి పోయే వాహనమా? మూడవది, దీనిని విడిచిపెట్టగలనా? రేపు ఉదయం తాళం చెవి తిరిగి ఇమ్మంటే నా ముఖం మారకుండా ఉంటుందా? మొదటి రెంటికీ తర్కంతో సమాధానం చెప్పుకోవచ్చు. మూడవదానికి మాత్రం హృదయమే సాక్షి.

నచికేతునికి యమధర్మరాజు చూపిన ప్రలోభాలలో రథాలు కూడా ఉన్నవి. బాలుడు వాటిని నిరాకరించాడు. ఇవన్నీ రేపటికి నిలుస్తాయో లేవో తెలియనివి, పైగా ఇంద్రియాల తేజస్సును క్షీణింపజేసేవి కనుక ఆ వాహనాలను నీవే ఉంచుకొమ్మని మృత్యుదేవతతోనే చెప్పాడు. రథాన్ని ఎర చూపినది స్వయంగా మృత్యువు అన్న సంగతిని మన రహదారుల గణాంకాలతో కలిపి చదివినపుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంతకూ మేనల్లునితో ఏమన్నానో చెప్పి ముగిస్తాను. అమ్మివేయమని చెప్పలేదు. అమ్మినంత మాత్రాన ఆశ అమ్ముడుపోదు, పైగా పొలం తిరిగి రాదు. తిరుగు ప్రయాణంలో గోదావరి వంతెన దాటుతుండగా ఒక్క నియమం పాటించమని కోరాను. "ఏ ఊరు వచ్చినా అద్దాలు దించు. నలభైకి మించి పోకు. బయటి గాలి, శబ్దం, మనుషుల మాటలు లోపలికి రానియ్యి. అదే నీకు నేనిచ్చే దీక్ష."

సారపాక చేరేసరికి అద్దాలు దించాడు. నాలుగు నిమిషాలకే దగ్గాడు. ముందున్న లారీ రేపిన ధూళి లోపలి తెల్లని తోలు ఆసనాల మీద సన్నగా పరుచుకున్నది.

"దుమ్ము బాగా వస్తోంది మామయ్యా."

"అవును నాయనా. వాళ్లకు రోజూ వచ్చేది ఇదే."

అతడు మాట్లాడలేదు. అద్దాలు మాత్రం ఎత్తలేదు. జూలూరుపాడు వద్దకు వచ్చేసరికి చీకటి పడుతున్నది. కూలి ముగించి దారి అంచున నడిచి వెళ్తున్న స్త్రీల మాటలు మాకు వినబడినవి. రేటు తక్కువ ఇచ్చాడని ఎవరినో తిట్టుకుంటున్నారు, మధ్యలో నవ్వుకుంటున్నారు. ఉదయం అదే దారిలో మేము పోయినపుడు ఆ దారి మూగదని నేను అనుకున్నాను. మేనల్లుడు వేగం తగ్గించి, వారు దాటిపోయేవరకు వారి వెనుకనే నెమ్మదిగా నడిపాడు.

అతడు ఆ నియమాన్ని ఎంతకాలం పాటిస్తాడో రాముడికే ఎరుక. కానీ ఆ పావుగంట సారథి మేలుకొని ఉన్నాడు. వాహనం ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, మనలో ప్రతి ఒక్కరికీ ఒక అద్దం ఉన్నది. దానిని దించగలుగుతున్నామా లేదా అని ఈ రోజు దారి మీదికి వెళ్లినపుడు ప్రతి సాధకుడూ తనను తాను పరీక్షించుకొనుగాక.

శుభం భూయాత్.